రా ఫొటో నుంచి నలుపు-తెలుపు: మాచర్ల మిరప కల్లం సాక్షిగా

కెమెరా సెన్సర్ మీద పడ్డ వెలుతురు లెక్కను దాదాపు ఉన్నదున్నట్టు దాచుకునే ఫైలు రా ఫైలు. దాన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి బూడిద ఛాయల చిత్రంగా మార్చే పనిని ఫొటోగ్రాఫర్లు బ్లాక్ అండ్ వైట్ కన్వర్షన్ అంటారు. రంగులు తీసేయడమే కదా, ఒక బటన్ నొక్కితే సరి అని చాలామంది అనుకుంటారు. బటన్ ఉంది, నొక్కితే పని కూడా అవుతుంది. కాకపోతే ఏ రంగు ఎంత తెల్లగా, ఎంత నల్లగా మారాలో ఆ బటన్ తయారుచేసినవాళ్లు ముందే తేల్చేసి ఉంటారు. ఆ నిర్ణయాన్ని ఫొటో తీసిన మనిషి తన చేతిలోకి తీసుకోవడమే ఈ విద్య.

పల్నాడు జిల్లా మాచర్ల చుట్టుపక్కల ఊళ్లలో దీనికి ఏటా ఒక పాఠం తయారుగా ఉంటుంది. చలి తగ్గే వేళకు మిరప కోతలు ఊపందుకుంటాయి. కోసిన కాయను కల్లంలో పోసి రోజుల తరబడి ఎండబెడతారు. ఒకవైపు ఎర్రటి కాయల పరుపు, అంచున ఇంకా పచ్చగా ఉన్న చేను. కంటికి ఇంతకన్నా కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఉండదు. అదే ఫొటోలో రంగు తీసేస్తే కాయ, ఆకు రెండూ ఒకే బూడిదలో కలిసిపోవచ్చు. ఎర్రదనం వల్ల, పచ్చదనం వల్ల వేరుగా కనిపించిన ఆ రెంటికీ వెలుతురులో తేడా లేకపోవడమే కారణం.

రా ఫైలులో ఏముంటుంది

సెన్సర్‌కు రంగులు తెలియవు. ఒక్కో పిక్సెల్ తన మీద పడ్డ వెలుతురు ఎంతో మాత్రమే కొలుస్తుంది. రంగు తెలియడానికి ప్రతి పిక్సెల్ మీదా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లలో ఏదో ఒకటి అమర్చి ఉంటుంది. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు వచ్చింది. ఇందులో సగం ఆకుపచ్చ, పావు వంతు ఎరుపు, పావు వంతు నీలం. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో నిజంగా ఎరుపును చూసేవి 60 లక్షల పిక్సెళ్లే. మిగతా చోట్ల ఎరుపు ఎంతో ఇరుగుపొరుగు పిక్సెళ్లను బట్టి సాఫ్ట్‌వేర్ అంచనా కడుతుంది. ఆ అంచనా కట్టడాన్నే డీమొజాయికింగ్ అంటారు.

రా ఫైలులో ఒక్కో పిక్సెల్‌కు 12 బిట్లుంటే 4,096 మెట్లు, 14 బిట్లుంటే 16,384 మెట్లు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. రంగుల ఫొటోలో ఈ తేడా అంతగా బయటపడదు. నలుపు-తెలుపులో పడుతుంది. కన్వర్షన్ చేసేటప్పుడు ఆకాశాన్ని ముదురు చేయడానికో, నీడను తేల్చడానికో ఛాయలను బాగా సాగదీస్తాం. 256 మెట్లను సాగదీస్తే మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీ కనబడి ఆకాశంలో చారలు పడతాయి.

కెమెరాలోనే మోనోక్రోమ్ మోడ్ పెట్టి తీసేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. జేపెగ్ మాత్రమే తీస్తుంటే రంగు శాశ్వతంగా పోయినట్టే. రా తీస్తుంటే మాత్రం వెనక తెర మీద నలుపు-తెలుపు కనిపిస్తున్నా ఫైలులో రంగంతా భద్రంగా ఉంటుంది. నేర్చుకునేవాళ్లకు ఇదే మంచి ఏర్పాటు. తీసేటప్పుడే బూడిదలో ఆలోచించడం అలవాటవుతుంది, ఇంటికొచ్చాక చేతిలో సమాచారం మొత్తం ఉంటుంది.

గాజు పలకల నాటి నుంచి

రంగును ఏ ఛాయగా మార్చాలన్న ప్రశ్న కంప్యూటర్లతో పుట్టలేదు. 19వ శతాబ్దపు గాజు పలకలు చాలావరకు నీలం, అతినీలలోహిత కాంతికే స్పందించేవి. ఎరుపు వాటికి చీకటితో సమానం. అందుకే ఆనాటి చిత్రాల్లో ఆకాశం వట్టి తెల్లకాగితంలా ఉంటుంది, ఎర్రటి వస్తువులు నల్లగా పడతాయి. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పనిచేసిన రాజా దీన్ దయాళ్ (1844-1905) తరం పనిచేసింది ఈ పరిమితుల్లోనే. ఆయన గాజు నెగెటివ్‌లు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆ రోజుల్లో మన మిరప కల్లాన్ని ఎవరైనా తీసి ఉంటే బొగ్గు కుప్పలా పడేది.

1873లో జర్మనీకి చెందిన హెర్మన్ వోగెల్ ఎమల్షన్‌కు (పలక మీద కాంతికి స్పందించే పూతకు) కొన్ని అద్దకపు రంగులు కలిపితే అది ఇతర కాంతులకూ స్పందిస్తుందని కనుగొన్నాడు. ఎరుపుతో సహా అన్ని రంగులనూ చూడగల పాంక్రోమాటిక్ పలకలు 1906లో మార్కెట్లోకి వచ్చాయి. అప్పటి నుంచి లెన్సు ముందు రంగు గాజు పెట్టి ఛాయలను మార్చుకోవడం ఊపందుకుంది. సూత్రం తేలిక: ఫిల్టర్ తన రంగును తెల్లబరుస్తుంది, ఎదుటి రంగును నల్లబరుస్తుంది. పసుపు ఫిల్టర్ పెడితే నీలాకాశం కాస్త ముదురుతుంది, ఎరుపు పెడితే బాగా నల్లబడుతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1927లో యోసెమిటీ లోయలోని హాఫ్ డోమ్ కొండను ఎరుపు ఫిల్టర్‌తో తీసిన చిత్రం ఈ పద్ధతికి పేరు తెచ్చింది. తర్వాత ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి ఆయన రూపొందించిన జోన్ సిస్టమ్, కటిక నలుపు నుంచి కాగితపు తెలుపు దాకా ఛాయలను 11 అంతస్తులుగా విడగొట్టింది. నేటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లలోని కర్వ్‌లు (ఛాయలను పెంచి తగ్గించే వంపు గీతలు), హిస్టోగ్రామ్‌ల (ఏ ఛాయ ఎంతుందో చూపే పటాల) వెనక ఉన్న ఆలోచనకు అదే దగ్గరి పూర్వీకురాలు.

మాచర్లకు పక్కనే నలుపు-తెలుపు ఫొటోలకు చరిత్రలో మరో విలువ కూడా ఉంది. నాగార్జునకొండ శిథిలాలను 1926లో ఎ.ఆర్. సరస్వతి గుర్తించారు. ఆ తర్వాతి ఏళ్లలో పురావస్తు శాఖ తరఫున ఎ.హెచ్. లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపించాడు. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోతుందని తెలిశాక 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు సాగాయి. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించి మళ్లీ నిలబెట్టారు. మిగతా స్థలం నీటి కిందే ఉంది. అది ఎలా ఉండేదో ఇప్పుడు మనకు చూపేవి ప్రధానంగా నలుపు-తెలుపు నెగెటివ్‌లే.

ఫిల్ము రోజుల్లో ఊరి స్టూడియోల సంగతి వేరు. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు బ్రాండు సరుకు, చీకటి గదిలో డెవలపర్, హైపో, ఎన్‌లార్జర్, నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్. డాడ్జింగ్ అన్న పేరు తెలియకపోయినా ఎన్‌లార్జర్ కింద చెయ్యి అడ్డంపెట్టి ముఖం నల్లబడకుండా కాపాడిన స్టూడియోవాళ్లు చేసింది అదే.

డిజిటల్ కాలంలో పనిముట్లు చకచకా వచ్చాయి. డేవ్ కాఫిన్ 1997లో మొదలుపెట్టిన డీసీరా అనే చిన్న ప్రోగ్రాము రకరకాల కంపెనీల రా ఫైళ్లను చదవడం నేర్పింది. 2003లో అడోబీ కెమెరా రా వచ్చింది. 2007లో లైట్‌రూమ్, అదే ఏడాది ఫొటోషాప్ సీఎస్3లో బ్లాక్ అండ్ వైట్ అడ్జస్ట్‌మెంట్ వచ్చాయి. డబ్బు పెట్టలేనివాళ్లకు డార్క్‌టేబుల్, రాథెరపీ, గింప్ ఉన్నాయి. నిక్ సాఫ్ట్‌వేర్ కంపెనీ తెచ్చిన సిల్వర్ ఎఫెక్స్ ప్రో గూగుల్ చేతికి వెళ్లి, 2016లో ఉచితమై, మరుసటి ఏడాది డీఎక్స్ఓ సంస్థ చేతికి మారింది.

బూడిదకు దారులు

కల్లానికి తిరిగి వద్దాం. ఉదాహరణకు ఫొటోలో ఒక ఎండుమిరప పిక్సెల్ విలువలు ఎరుపు 180, ఆకుపచ్చ 30, నీలం 25 అనుకుందాం. పక్క చేలో ఆకు 60, 90, 35. ఇక దారులు చూడండి.

మొదటిది డీశాచురేట్. ఫొటోషాప్‌లో ఇది మూడు విలువల్లో పెద్దదాన్నీ చిన్నదాన్నీ కలిపి సగం చేస్తుంది. మిరప సుమారు 103, ఆకు 63. ఈ లెక్క కంటి చూపును పట్టించుకోదు. నిండు పసుపు, నిండు నీలం రెంటికీ ఒకే బూడిద ఇస్తుంది. పసుపు ఎంత వెలుగో, నీలం ఎంత ముదురో చూసిన ఎవరికైనా ఇది అన్యాయంగానే తోస్తుంది.

రెండోది కంటికి తగ్గట్టు తూకం వేసే పద్ధతి. మన కన్ను పగటి వెలుతురులో ఆకుపచ్చకే ఎక్కువగా స్పందిస్తుంది. అందుకని పాత టీవీ ప్రమాణం ఎరుపుకు 0.299, ఆకుపచ్చకు 0.587, నీలానికి 0.114 వాటా ఇచ్చింది. హెచ్‌డీ టీవీ ప్రమాణంలో ఈ వాటాలు 0.2126, 0.7152, 0.0722. పాత ప్రమాణం ప్రకారం మన మిరప 74, ఆకు 75. న్యాయంగా తూకం వేస్తే రెండూ ఒక్కటే అయ్యాయి! వెలుతురును, రంగును వేర్వేరు చానళ్లలో ఉంచే ల్యాబ్ మోడ్‌కు మార్చి వెలుతురు చానల్ ఒక్కటే తీసుకునే పద్ధతి కూడా ఈ కోవకు చెందిందే. దాని ఫలితమూ కంటి తూకానికి దగ్గరగానే ఉంటుంది.

మూడోది చానల్ మిక్సర్. వాటాలు మనమే నిర్ణయిస్తాం. ఎరుపు చానల్ ఒక్కటే తీసుకుంటే మిరప 180, ఆకు 60. నల్లటి చేను పక్కన కాయలు మెరుస్తాయి. ఆకుపచ్చ ఒక్కటే తీసుకుంటే మిరప 30, ఆకు 90. కథ తిరగబడుతుంది. మూడు వాటాల మొత్తం వంద శాతం దగ్గర ఉంచితే బొమ్మ మొత్తం వెలుతురు పెద్దగా మారదు.

ఏది మంచిదన్నది ఫొటోలో ఏం చెప్పదలుచుకున్నారన్నదాని మీద ఉంటుంది. కాయలు ఏరే ఆడవాళ్ల పని చూపాలనుకున్నారనుకోండి. వాళ్లు మంచి కాయలోంచి తాలు కాయ వేరుచేస్తుంటారు. తాలు కాయ అంటే రంగు వెలిసి తెల్లబారినది, మార్కెట్లో ధర తక్కువ పలికేది. దాని విలువలు 205, 170, 115 అనుకుంటే ఎరుపు చానల్‌లో మంచి కాయకూ తాలుకూ తేడా 25 మాత్రమే. ఆకుపచ్చ చానల్‌లో తేడా 140. మిరప మెరవాలని ఎరుపు పెంచిన ఫొటోలో ఆ ఆడవాళ్లు ఏం ఏరుతున్నారో చూసేవాడికి అర్థం కాదు. అందంగా ఉంటుంది, అర్థం పోతుంది. అలాంటి ఫొటోలు పోటీల్లో నెగ్గుతుంటాయి, అది వేరే సంగతి.

నాలుగోది ఇప్పుడు ఎక్కువమంది వాడే రంగుల స్లైడర్లు. ఫొటోషాప్‌లో ఆరు: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, సయాన్, నీలం, మెజెంటా. తెరవగానే 40, 60, 40, 60, 20, 80 విలువలతో కనిపిస్తాయి. లైట్‌రూమ్‌లో నారింజ, ఊదా కలిసి ఎనిమిది. చానల్ మిక్సర్ బొమ్మ మొత్తాన్నీ కదిపితే ఇవి ఒక్కో రంగునూ విడిగా కదుపుతాయి. ఫొటో మీద వేలు పెట్టినట్టు మౌస్ నొక్కి పైకీ కిందికీ లాగితే ఆ చోట ఉన్న రంగుకు సంబంధించిన స్లైడర్లు వాటంతటవే కదిలే సదుపాయం కూడా ఉంది. డార్క్‌టేబుల్‌లోని మోనోక్రోమ్ మాడ్యూల్ ఇదే పనిని పాత గాజు ఫిల్టర్ తీరులో చూపిస్తుంది.

ముఖం, కుంకుమ, నాపరాయి

మనుషుల ఛాయ ఎంత ముదురైనా లేతైనా సాఫ్ట్‌వేర్ దృష్టిలో అది ప్రధానంగా నారింజ, తర్వాత కొంత ఎరుపు. నారింజ స్లైడర్ పెంచితే ముఖం తేటగా వస్తుంది, మచ్చలు తగ్గుతాయి. ఎరుపు, నారింజ తగ్గిస్తే ముడతలు, ఎండ దెబ్బ, గడ్డం కుదుళ్లు పైకి తేలతాయి. మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్లలో ఒక ముసలి రైతు ముఖం తీస్తే రెండోది బాగుంటుంది. పెళ్లి ఆల్బంలో అదే చేస్తే పెళ్లికూతురి తరఫువాళ్లు ఊరుకోరు.

పెళ్లి ఫొటోల్లో అసలు చిక్కు బొట్టు దగ్గర వస్తుంది. ముఖం తేటగా రావాలని ఎరుపు, నారింజ రెండూ పెంచితే నుదుటి మీద కుంకుమ కూడా తెల్లబడి చర్మంలో కలిసిపోతుంది. బొట్టు లేని పెళ్లికూతురి ఫొటో ఇంటికి తీసుకెళ్లి చూపించలేం. నారింజ మాత్రమే పెంచి, ఎరుపును తగ్గించి ఉంచితే ముఖం తేటగా, బొట్టు నల్లగా నిలుస్తుంది. మంగళస్నానం ఫొటోల్లో నలుగు, పసుపు పట్టించిన ముఖానికి పసుపు స్లైడర్ కూడా తోడవుతుంది. దాన్ని ఎక్కువ లాగితే గుమ్మం మీది మామిడాకుల తోరణం కూడా వెలిసిపోతుంది. మన కంటికి పచ్చగా కనిపించే ఆకుల్లో సాఫ్ట్‌వేర్ పసుపునే ఎక్కువగా చూస్తుంది. చెట్లు, చేలు ఉన్న ఏ ఫొటోలోనైనా ఆకుపచ్చ స్లైడర్ కదిపి ఏమీ మారలేదని ఆశ్చర్యపోయేవాళ్లు పసుపు కదిపి చూడాలి.

రాయి దగ్గర ఈ స్లైడర్లు చాలావరకు చేతులెత్తేస్తాయి. చెన్నకేశవ ఆలయ స్తంభాలైనా, నాగార్జునకొండ మ్యూజియంలోని లేత సున్నపురాతి శిల్పాలైనా, పల్నాటి ఇళ్ల ముందు పరిచే నాపరాళ్లైనా స్వతహాగా దాదాపు బూడిద రంగువే. రంగు లేనిచోట రంగు స్లైడర్‌కు పట్టు దొరకదు. అక్కడ పనికొచ్చేది ఏటవాలు వెలుతురు. పొద్దున్నో సాయంత్రమో పక్కనుంచి పడే ఎండలో చెక్కడం లోతు తెలుస్తుంది, మిట్టమధ్యాహ్నం తీసినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. సాయంత్రపు ఎండకు ఇంకో లాభం కూడా ఉంది. ఎండ పడ్డ భాగం పసుపుకూ నీడ నీలానికీ తిరుగుతాయి కాబట్టి నీలం తగ్గిస్తే నీడలు మాత్రమే ముదురుతాయి. అప్పుడు రాతి మీద కూడా స్లైడర్ పనిచేస్తుంది.

పని వరస

రంగు పోతుంది కదా అని వైట్ బ్యాలెన్స్‌ను వదిలేయడం బాగా కనిపించే అలవాటు. అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను మార్చే సాధనం. కన్వర్షన్‌కు ముందు దాన్ని కదిపితే బూడిద ఛాయలన్నీ కదులుతాయి. స్లైడర్లు ముట్టకుండా టెంపరేచర్ ఒక్కటే అటూ ఇటూ లాగి చూడండి, ముఖమూ ఆకాశమూ ఎలా మారతాయో తెలుస్తుంది. అందుకే మొదట రంగులోనే వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ సరిచేసి, తెల్లబారిపోయిన చోట్లు, నల్లబడిన చోట్లు కాపాడుకుని, ఆ తర్వాతే బూడిదలోకి దిగాలి. రంగుల కలయిక తేలాక కర్వ్‌తో కాంట్రాస్ట్, చివర్లో బ్రష్‌తో అక్కడక్కడ వెలుతురు పెంచడం, తగ్గించడం. నాణ్యమైన కన్వర్షన్‌లో చాలా సమయం ఈ చివరి పనికే పోతుంది.

తీసేటప్పుడు ఒక జాగ్రత్త. ఎండలో మెరిసే మిరప లాంటి నిండు ఎరుపును తీస్తే ఎరుపు చానల్ నిండిపోయి మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. మొత్తం వెలుతురును మాత్రమే చూపే హిస్టోగ్రామ్‌లో ఇది తెలియదు. మూడు రంగుల హిస్టోగ్రామ్ చూడాలి. నిండిపోయిన ఎరుపుతో నలుపు-తెలుపు చేస్తే కాయల ముడతలు, మెరుపు పోయి చదును మచ్చలు మిగులుతాయి. ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి తీస్తే సరిపోతుంది.

స్లైడర్లకూ హద్దుంది. ఎత్తిపోతల జలపాతం మీది ఆకాశాన్ని నల్లగా చేయాలని నీలాన్ని అడుగుదాకా లాగితే ఆకాశంలో గరుకు నాయిస్ తేలుతుంది, కొండ అంచు వెంట తెల్లటి గీత పడుతుంది. పావు వంతు పిక్సెళ్ల నుంచి అంచనా కట్టిన రంగును అంతదూరం సాగదీస్తే అంతే. కొందరు పాత అలవాటు కొద్దీ డిజిటల్ కెమెరా ముందు ఎరుపు గాజు పెడతారు. దానివల్ల మూడు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాపుకూ వెలుతురు సగమవుతుంది) పోవడంతో పాటు ఎరుపు పిక్సెళ్లు తప్ప మిగతావి దాదాపు చీకట్లో ఉండిపోతాయి. బేయర్ సెన్సర్‌కు ఆ పని సాఫ్ట్‌వేర్‌లో చేయడమే మేలు.

రంగు ఫిల్టర్లే లేని సెన్సర్లు కూడా ఉన్నాయి. 2012లో లైకా ఎం మోనోక్రోమ్, 2023లో పెంటాక్స్ కే-3 మార్క్ 3 మోనోక్రోమ్ వచ్చాయి. ప్రతి పిక్సెలూ నిజమైన వెలుతురునే కొలుస్తుంది కాబట్టి వివరం, చీకట్లో నాణ్యత మెరుగ్గా ఉంటాయి. కానీ తీశాక రంగు స్లైడర్లు లేవు. మిరప నల్లగా రావాలో తెల్లగా రావాలో షటర్ నొక్కకముందే గాజు ఫిల్టర్‌తో తేల్చుకోవాలి. ఖరీదు చూస్తే మన జిల్లా స్టూడియోలకు ఇది ఇప్పట్లో అందే మాట కాదు.

ప్రింటు

తెర మీద బాగున్న నలుపు-తెలుపు ఆల్బంలో పచ్చగానో గులాబీగానో రావడం తరచూ వినే ఫిర్యాదు. రంగుల కాగితం మీద మూడు రంగులు కలిసి బూడిదను తయారుచేయాలి. వాటిలో ఒకటి కొంచెం అటూ ఇటూ అయినా కన్ను పట్టేస్తుంది. రంగుల ఫొటోలో ఆ తేడా దాక్కుంటుంది, బూడిదలో దాక్కోడానికి చోటుండదు. ప్రింటు వేసే ల్యాబ్ ఇచ్చిన ప్రొఫైలుతో ముందు చిన్న నమూనా వేయించుకోవడం, లేదా కావాలనే కొద్దిగా సెపియా వైపు టోన్ ఇచ్చి పంపడం స్టూడియోలవాళ్లు పాటించే ఉపాయాలు. రెండు మూడు రకాల బూడిద ఇంకులున్న ఇంక్‌జెట్ ప్రింటర్లలో ఈ బాధ చాలావరకు తగ్గింది.

తిరుగు ప్రయాణం

బూడిద నుంచి రంగుకు తిరిగి వెళ్లడం ఎంత కష్టమో తెలుగువాళ్లకు తెలియజెప్పింది మాయాబజార్. 1957లో మార్కస్ బార్ట్‌లే కెమెరాతో నలుపు-తెలుపులో వచ్చిన ఆ సినిమాకు హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ రంగులద్ది 2010లో విడుదల చేసింది. చీర ఎరుపో ఆకుపచ్చో ఫిల్ములో లేదు. 74కూ 75కూ మధ్య ఏది మిరపో ఏది ఆకో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయించాలి. ఇప్పుడు కృత్రిమ మేధ ఆ పనిని క్షణాల్లో చేస్తోంది, కానీ అదీ ఊహే.

ఈ మార్పిడిని పత్రికారంగం తప్పుపట్టదు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ నియమాల్లో గ్రేస్కేల్‌కు మార్చడం అనుమతించిన చిన్న సవరణల కిందే ఉంది. ఛాయలను అతిగా లాగి దృశ్యాన్ని మార్చేయడమే అభ్యంతరం.

రా ఫైలు మీద చేసిన మార్పులేవీ అసలు సమాచారాన్ని చెరపవు. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ వంటివి సూచనలను ఎక్స్ఎంపీ అనే చిన్న పక్క ఫైలులో గానీ తమ కేటలాగులో గానీ రాసుకుంటాయి. కాబట్టి ప్రింటుకు 16 బిట్ల టిఫ్ విడిగా తీసుకుని, రా ఫైలునూ దాని పక్క ఫైలునూ ఒకేచోట, కనీసం రెండు డిస్కుల్లో దాచాలి. అవి ఉంటే కల్లం ఫొటోను ఎప్పుడైనా తెరిచి, ఈసారి తాలు కాయ కనిపించేలా మళ్లీ చేసుకోవచ్చు.